తాతమ్మ వయసు సంగతి సరే, ముందు నానమ్మని పడుకోనివ్వు

"మా తాతమ్మ పోయి రెండు నెలలైంది. సంవత్సరీకానికి ఆమె జీవితం మీద చిన్న పుస్తకం వేయించి చుట్టాలకి పంచాలని నా కోరిక. ఫొటో కింద వయసు ఎంత వెయ్యాలన్న దగ్గర ఇంట్లో గొడవ. పెదనాన్న నూట రెండు అంటాడు, ఆధార్‌లో తొంభై ఒకటే ఉంది. నానమ్మని అడిగితే 'నాకేం గుర్తుకు లేదు పో' అంటుంది. అత్త పోతే ఆమె కంట్లోంచి చుక్క నీరు రాలేదు. వయసు ఎంత వెయ్యమంటారు?" అని చిలకలగూడ నుంచి ఒకమ్మాయి ఆరు పేజీల ఉత్తరం రాసింది. అందులో ముఖ్యమైన ముక్క ఇది.

ఇరవై నాలుగేళ్లదాన్నని రాశావు కాబట్టి నువ్వు అనే అంటున్నా, ఏమీ అనుకోకు.

వయసు తేల్చడం రెండు నిమిషాల పని. పుట్టిన తేదీ తెలియని పెద్దవాళ్లలో చాలామందికి ఆధార్‌లో జనవరి 1 వేసేశారు, మీ తాతమ్మదీ అదే అయ్యుంటుంది, తీసి చూడు. పెదనాన్న చెప్పే నూట రెండు నలుగురిలో గొప్పకి. పోలీస్ యాక్షన్ అప్పుడు మీ తాతయ్య ఆమె చంకలో పిల్లాడని నువ్వే రాశావు కదా, భారత సైన్యం నిజాం రాజ్యంలోకి వచ్చిన ఆ పోలీస్ యాక్షన్ 1948 సెప్టెంబరులో. తొలి కాన్పు, ఆ రోజుల పెళ్లిళ్లు, పదిహేడో పద్దెనిమిదో వేసుకో. తొంభై అయిదుకి అటూ ఇటూ వస్తుంది. అదే వెయ్యి. పెదనాన్న అలిగితే అలగనీ.

ఇక నీ ఉత్తరం. అయిదున్నర పేజీలు తాతమ్మే. తెల్లారుజామున మూడింటికి లేచి, చుట్టకుదురు మీద గంప పెట్టుకుని మోండా మార్కెట్‌కి నడవడం, చుక్కకూర, గోంగూర కట్టలు కట్టడం, డబ్బులివ్వకుండా తోటకూర పట్టుకుపోతున్న జవాను చెయ్యి పట్టుకుని "కట్ట పెడతవా, పైసలు పెడతవా" అని నిలదీయడం, అన్నీ బాగా రాశావు. చదువు రాకపోయినా లెక్క తప్పేది కాదన్నావు. నిజంగా గట్టి బుర్రే. నయా పైసలు 1957లో వచ్చాయి, నిజాం నాటి డబ్బు హాలీ సిక్కా పూర్తిగా పోయింది 1959లో. ఆ మధ్యకాలమంతా రెండు రకాల డబ్బుకీ లెక్క చెప్పుకుంటూ బేరం చేసిన మనిషి. ఆమె గురించి పుస్తకం వెయ్యడానికి నువ్వు నన్ను అడగాల్సిన పనే లేదు.

నానమ్మకి మాత్రం అర పేజీ. అదీ ఎలా? ఏడవలేదు. పదకొండో రోజే తాతమ్మ మంచం బయట పెట్టించి గది కడిగించింది. అప్పటినుంచీ ఎనిమిదింటి దాకా పడుకుంటోంది, "ఏదో సెలవులు ఇచ్చినట్టు" అని రాశావు. ఆ మాట దగ్గర నాకు ఒళ్లు మండింది.

సెలవులే తల్లీ. యాభై ఏళ్లు దాటిన కాపురంలో అవే మొదటి సెలవులు. తాతమ్మ మూడింటికి గంపెత్తుకుని వెళ్తే ఇంట్లో పొయ్యి వెలిగించిందెవరు? ఎనభై అయిదేళ్లు వచ్చేదాకా లష్కర్ బోనాలకి ఆమే బోనమెత్తిందని గర్వంగా రాశావు, ఆ బోనంలో అన్నం వండిందెవరు? మంచాన పడ్డ నాలుగేళ్లూ రెండేసి గంటలకి పక్క తిప్పకపోతే వీపు పుండ్లు పడుతుంది, ఆ తిప్పిందెవరు? ఆ మంచం పట్టీలకి ఏ వాసన పట్టిందో నాలుగేళ్లు కడిగిన మనిషికి తెలుసు, సాయంత్రం వచ్చి చేయి పట్టుకుని ముచ్చట్లు విన్న నీకు తెలియదు. నువ్వు తాతమ్మని ప్రేమించలేదనడం లేదు. నీకు ముచ్చట్లు దక్కాయి, ఆమెకి చాకిరీ దక్కింది, అంతే తేడా.

ఇంకొకటి, నువ్వు నవ్వుతూ రాసింది. సందుగ తాళాలు తాతమ్మ చివరిదాకా మొలలోనే దోపుకుందని, నానమ్మకి మనవలు పుట్టాక కూడా పప్పుకీ ఉప్పుకీ ఆమెనే అడగాల్సి వచ్చేదని. నీకు అది సరదా కథ. జవానుని నిలదీసిన నోరు ఇంట్లో కోడలి మీద లేవలేదనుకుంటున్నావా? ఆ హుషారూ ఆ పెత్తనమూ ఒక్క మనిషివే. దానివల్ల తాతమ్మ తక్కువదైపోదు. కానీ నానమ్మకి గుర్తు లేక కాదు చెప్పనిది. చెప్పడం మొదలుపెడితే నీ పుస్తకంలో పట్టదని ఆమెకి తెలుసు.

ఏడుపు సంగతంటావా, నేను మా అత్తగారిని మూడేళ్లు చూసుకున్నాను. పోయిన రోజు నాకు ఏడుపు రాలేదు, నిద్ర వచ్చింది. చుట్టాలు గుసగుసలాడుకున్నారు. ఆవిడకి బీపీ అని మూడేళ్లు ఉప్పు తగ్గించి వండిన చెయ్యి కదా, ఆవిడ పోయాక కూడా అలాగే వేసేది. ఎనిమిది నెలల తర్వాత ఓ రోజు మావాడు పప్పు చప్పగా ఉందని కంచం తోసేశాడు. ఆ పూట పొయ్యి దగ్గర కూర్చుని ఎంతసేపు ఏడ్చానో నాకే తెలియదు. మీ నానమ్మకి ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో, అది ఆమె ఇష్టం. ఆమె కన్నీళ్లకి నువ్వు కాపలా కాయకు.

పుస్తకం వెయ్యి, వద్దనను, సంవత్సరీకానికి ఇంకా పది నెలలుంది. కానీ ఈ రెండు మూడు నెలలు ఆ ఊసు ఇంట్లో ఎత్తకు. పొద్దున్నే గిన్నెల చప్పుడు చెయ్యకు, ఎనిమిదింటి దాకా కాదు, తొమ్మిదింటి దాకా పడుకోనీ. ఆమె లేచాక చాయ్ నువ్వు పెట్టివ్వు. తాతమ్మ గురించి అడగొద్దు. పెళ్లయి వచ్చిన కొత్తలో ఆ ఇంట్లో నువ్వెక్కడ పడుకునేదానివి నానమ్మా అని అడుగు. చెబితే విను, చెప్పకపోతే చాయ్ తాగి లే. ఫోన్‌లో రికార్డింగ్ మాత్రం పెట్టకు.