లైనక్స్ ల్యాప్‌టాప్‌లో వైఫై కనిపించకపోతే ఏం చేయాలి?

లైనక్స్ వేసుకున్నాక వైఫై నెట్‌వర్కులేవీ కనిపించకపోతే, ముందుగా టెర్మినల్‌లో (కమాండ్లు టైపు చేసే విండో) ‘ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్’ (rfkill list) అనే కమాండ్ ఇచ్చి చూడాలి. ‘సాఫ్ట్ బ్లాక్డ్’ ఎదురుగా ‘యస్’ అని ఉంటే ‘ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై’ (rfkill unblock wifi) కమాండ్‌తో ఆ అడ్డు తొలగుతుంది, ‘హార్డ్ బ్లాక్డ్’ అయితే మాత్రం ఆ కమాండ్ పనిచేయదు, ల్యాప్‌టాప్ అంచున ఉండే స్విచ్‌నో, కీబోర్డు మీద విమానం బొమ్మ ఉన్న మీటనో నొక్కి చూడాల్సిందే.

ఆ జాబితాలో వైఫై పరికరమే లేకపోతే, సాధారణంగా లోపించేది దాని ఫర్మ్‌వేర్, అంటే ఆ పరికరాన్ని నడిపించే చిన్న సాఫ్ట్‌వేర్. లైనక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ ఇచ్చే సందేశాల్లో ‘ఫర్మ్‌వేర్’ అన్న మాట కోసం వెతికితే, దొరకని ఫైలు పేరు చాలాసార్లు అక్కడే బయటపడుతుంది. డెబియన్ అనే లైనక్స్ రకంలో 2023 నాటి 12వ వెర్షన్ నుంచి ఇలాంటి ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్‌తోనే వస్తోంది కనుక, ఈ తిప్పలు పాత వెర్షన్లలోనే ఎక్కువ. వైఫై లేకుండా ఆ ఫర్మ్‌వేర్ ప్యాకేజీని దింపుకోవడానికి, ఫోనును యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ (ఫోనులోని ఇంటర్నెట్‌ను ల్యాప్‌టాప్‌కు పంచే సదుపాయం) ఆన్ చేయడమే అన్నిటికన్నా సులువు.