జమ్మికుంట ఎండల ఓవర్‌క్లాకింగ్: మేనకోడలికి ఉత్తరం

చి. శ్రావణికి, మామ ఆశీస్సులు.

ఓవర్‌క్లాకింగ్, అంటే ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన వేగం కంటె ఎక్కువ నడిపించుడు గురించి నువ్వడిగినవన్నీ చదివిన. ప్రాసెసర్ కాలిపోతదా, వోల్టేజీ ఎంత పెట్టాలె, వారంటీ పోతదా అని అడిగినవ్. కాలిపోతదన్న భయం కొంచెం పక్కన పెట్టు. ఇప్పటి ప్రాసెసర్లు మితిమీరి వేడెక్కితే వాటంతట అవే వేగం తగ్గించుకుంటయి, ఇంకా మించితే మెషీన్ ఆగిపోతది. నీకున్న అసలు ప్రమాదం వేరు. అంతా మంచిగనే ఉన్నట్టు కనపడి, పెళ్ళి వీడియో ఎక్స్‌పోర్ట్ సగంల ఉండంగ సిస్టమ్ పడిపోవుడు, లేకుంటే మనకు తెల్వకుండనే ఫైలు పాడైపోవుడు. పైసలు తీసుకొని మిక్సింగ్ చేస్తున్నదానివి. ముందుగాల నీకు పని ఇచ్చిన పార్టీల ఫుటేజీ అంతా ఇంకో హార్డ్ డిస్కులకు ఎక్కించి, దాని కేబుల్ పీకి బీరువాల పెట్టు. లగ్గాల సీజన్‌ల ఈ పని ముట్టుకోనే ముట్టుకోకు.

నీది ఏఎండీ రైజెన్ 5 3600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు కాబట్టి దారి ఉన్నది. ఏ320, ఏ520 బోర్డులైతే ప్రాసెసర్ వేగం పెంచనియ్యవు. ఇంటెల్‌ల అయితే పేరు చివర కె ఉన్న ప్రాసెసరూ, జెడ్ సిరీస్ బోర్డూ రెండూ ఉండాలె. మీ దోస్తుది హెచ్610 బోర్డు అన్నవ్ కదా, ఆమెను ఆశ వదులుకొమ్మను.

ప్రాసెసర్ జోలికి పోకముందు ర్యామ్ చూడు. 3200 అని రాసున్న ర్యామ్ కొన్నా, బయోస్‌ల (విండోస్ రాకముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల తెర) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ను దాని మీద రాసున్న వేగంతో నడిపే సెట్టింగు, ఆన్ చెయ్యకుంటే అది 2133, 2400, 2666ల ఏదో ఒకదాని మీద నడుస్తుంటది. టాస్క్ మేనేజర్‌ల మెమరీ దగ్గర కనపడుతది. ఆసుస్ బోర్డుల మీద దీన్నే డీఓసీపీ అంటరు, ఎంఎస్‌ఐల ఏ-ఎక్స్‌ఎంపీ. రైజెన్ లోపలి భాగాలు మాట్లాడుకునే వేగం ర్యామ్ వేగంతోనే ముడిపడి ఉంటది, అందుకే దీనికి ర్యామ్ బాగ కలిసొస్తది. రెండు ర్యాములుంటే ప్రాసెసర్ నుంచి రెండో స్లాటుల ఒకటి, నాలుగో స్లాటుల ఒకటి పెట్టు. తర్వాత పెన్‌డ్రైవ్‌ల ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 వేసి రాత్రంతా నడిపించు. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ వేగం పనికిరాదు, ఒక మెట్టు దించు.

ఇగ వేడి సంగతి. దీని గురించే నేను ఎక్కువ చెప్తున్న, ఎందుకంటే అందరూ చూపించే అంకెలు ఏసీ గదులవి. ప్రాసెసర్ తినే కరెంటు వేగంతో పాటు పెరుగుతది, వోల్టేజీకైతే వర్గం లెక్కన పెరుగుతది. 4.0 గిగాహెర్ట్జ్, 1.2 వోల్టుల నుంచి 4.2, 1.3కు పోతే వేగం పెరిగేది 5 శాతం, వేడి పెరిగేది దాదాపు 23 శాతం. ఆ వేడంతా పోవాల్సింది ప్రాసెసర్ డబ్బాతో వచ్చిన ఆ చిన్న ఫ్యానుతోనే. పైగా గది ఎంత వేడెక్కితే చిప్పు కూడ దాదాపు అంతే వేడెక్కుతది. జనవరి రాత్రి 20 డిగ్రీల గదిల 72 చూపించిన చిప్పు, మే నెల పగటి పూట 40 డిగ్రీల గదిల 92 చూపిస్తది. ఈ 3600కు హద్దు 95. అందుకే చలికాలంల పాసైన సెట్టింగును నేను పాసైనట్టు లెక్కపెట్టను. ఎండాకాలం పగటి పూట, తలుపేసిన గదిల, 85 దాటకుండ ఉంటేనే అది నీది.

మీ ఇంటి దగ్గర జిన్నింగ్ మిల్లు ఉన్నది. పత్తి సీజన్‌ల నూగు ఎగిరొచ్చి ప్రాసెసర్ వేడిని లాగే లోహపు దిమ్మె, అదే హీట్‌సింక్, దాని రెక్కల నడుమ పలచటి గుడ్డ పరిచినట్టు పడుకుంటది. పైనుంచి చూస్తే ఫ్యాన్ తిరుగుతనే ఉంటది, కింద గాలి ఆడదు. నెలకోసారి బ్లోయర్ కొట్టు. కొట్టేటప్పుడు ఫ్యాన్ తిరగకుండ వేలు అడ్డం పెట్టు. పంచరు షాపు కంప్రెసర్ గాలి వద్దు, అందుల నీళ్ళ తుంపర ఉంటది. గదిల నీళ్ళ కూలర్‌కు ఎదురుగ క్యాబినెట్ పెట్టకు, తడి గాలికి ఆ నూగు ముద్దకట్టి ఊడిరాదు. ప్రాసెసర్‌కు, హీట్‌సింక్‌కు నడుమ పూసిన పాత పేస్టు మార్చాలనుకుంటే పది నిమిషాలు సిస్టమ్ నడిపి వెచ్చగైనంక ఆఫ్ చేసి ప్లగ్ పీకు, స్క్రూలు ఎదురెదురు విప్పి, ప్రాసెసర్ మీది కూలర్‌ను (ఫ్యాను, హీట్‌సింక్ కలిపి) అటూఇటూ మెల్లగ తిప్పి తియ్యి. చల్లగున్నప్పుడు గుంజితే పేస్టుకంటుకొని ప్రాసెసర్ సాకెట్ల నుంచి ఊడొస్తది, దాని పిన్నులు వంగుతయి.

క్యాబినెట్ ముట్టుకుంటే చిమచిమ అంటదని రాసినవ్. అది ఎర్తింగ్ లేనితనం. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ సాకెట్‌కు ఎర్త్ వేయించే దాకా ఓవర్‌క్లాక్ మాటెత్తకు, మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల బోర్డుకు తగిలియ్యకు. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బా) కంపెనీ పేరు తెల్వనిదైతే దాని మీద 450 వాట్లని రాసున్నా నమ్మకు, పైసలు ముందు దానికే పెట్టు.

ఇవన్నీ అయినంకనే బయోస్. సీపీయూ రేషియో 40 (అంటే 4.0 గిగాహెర్ట్జ్), వోల్టేజీ 1.25 పెట్టి మొదలుపెట్టు. విండోస్‌ల వేడి, వోల్టేజీ చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచిపెట్టి, ప్రాసెసర్‌కు ఫుల్ లోడ్ ఇచ్చే సినీబెంచ్ అరగంట నడుపు. వేడి చూడు, కింద డబ్ల్యూహెచ్ఈఏ ఎర్రర్ల (విండోస్ పట్టుకున్న హార్డ్‌వేర్ తప్పుల) లెక్క సున్నా ఉన్నదా చూడు. సిస్టమ్ పడిపోకున్నా అక్కడ అంకె పెరిగిందంటే అది ఖాయం కాదు. మంచిగుంటే 40.5, తర్వాత 41. ఒక్కసారి ఒక్కటే మార్చు, మార్చింది నోటుబుక్కుల రాయి. ఆ ఫ్యానుతో 1.3 వోల్టులు దాటకు. ఆటోల ఉన్నప్పుడు 1.4 పైన చూపిస్తే బెదరకు, పని తక్కువున్నప్పుడు అట్ల ఎక్కుతది. నిలకడగ అంత పెట్టి ఫుల్ లోడ్ నడిపితేనే చిప్పు అరుగుతది. ఇంకో మాట, చేత్తో వేగం కట్టేస్తే ఒక్క కోర్ 4.2కు ఎగిరే బూస్ట్ పోతది. 4.1 దగ్గర ఆపితే ఎక్స్‌పోర్ట్ కొంచెం తొందరగ అయితది, చిన్నచిన్న పనులు మాత్రం మునుపటికంటె కొద్దిగ నెమ్మదే.

తెర నల్లగ ఉండిపోతే ఏడ్వకు. ప్లగ్ పీకి, బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ తీసి, అయిదు నిమిషాలాగి పెట్టు. సెట్టింగులన్నీ పాతవే వస్తయి. వారంటీ అంటవా, ఓవర్‌క్లాక్ వల్ల పాడైతే ఏఎండీ ఇయ్యదు. నువ్వు సెకండ్‌హ్యాండ్‌ల కొన్నవ్ కాబట్టి దాని మీద ఎట్లాగూ ఆశ పెట్టుకోకు.

నన్నడిగితే, నీ పనికి ఎక్స్‌ఎంపీ, శుభ్రం చేసిన కూలర్, ఎర్తింగ్ ఈ మూడూ చాలు. ప్రాసెసర్ పెంచుడు నేర్చుకోవాలన్న సరదా ఉంటేనే చెయ్. ఎస్‌ఎంపీఎస్ మీది స్టిక్కర్ ఫొటో ఒకటి, సినీబెంచ్ నడిచేటప్పుడు హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెర ఒకటి పంపు. అవి చూసినంక ఏ ఎస్‌ఎంపీఎస్ కొనాలో, అసలు కొనాలో వద్దో చెప్త. అక్కను, బావను అడిగిన్నని చెప్పు.

మీ మామ,
హనుమకొండ