జీతం ఆగింది, దశమభాగానికి అప్పు తేవాలా? – సమాధానం

జీతం ఆగిన నెలలో దశమభాగం (సంఘానికి, అంటే చర్చికి, ఇచ్చే ఆదాయంలో పదో వంతు) కోసం అప్పు తేవాలా అని అడిగారు. చిక్కంతా మీరు చేతికి రాని జీతానికి కూడా దాన్ని లెక్కెయ్యడంలో ఉంది. రాని డబ్బులో పదో వంతు సున్నా. దానికోసం వడ్డీకి తేవద్దు.

1. బైబిల్లో 2 కొరింథీ 8:12 చూడండి. కలిగినదాన్ని బట్టే ఇవ్వమన్నాడు అపొస్తలుడు పౌలు.

2. చాలామంది అక్కడితో ఆపేస్తారు. 13, 14 వచనాలు కూడా చదవండి: ఒకరి సమృద్ధి ఇంకొకరి అక్కర తీర్చాలి, రేపు వాళ్ల సమృద్ధి వీళ్ల అక్కర తీర్చాలి. ఈ నెల మీరు పుచ్చుకునే వంతు. పాస్టరు గారితోనో, సంఘపెద్దతోనో విడిగా కూర్చుని "అద్దె కట్టలేదు, బియ్యం నాలుగు రోజులకే ఉన్నాయి" అని ఉన్నదున్నట్టు చెప్పండి. ప్రార్థన చీటీలో "ఆర్థిక ఇబ్బందులు" అని రాస్తే ఎవరికేం తెలుస్తుంది? కరువులో దేవుడు పంపిన ప్రవక్త ఏలీయా కూడా సారెపతు విధవరాలిని రొట్టెముక్క నోరు తెరిచే అడిగాడు.

3. వట్టి చేతులతో వెళ్లడానికి మనసొప్పకపోతే, వండే పూట గుప్పెడు బియ్యం సంఘానికి కానుకగా తీసిపెట్టండి. మిజోరం సంఘాల్లో ఆడవాళ్లు 1910 నుంచి చేస్తున్నదదే. ఇంట్లో పిల్లలకు చాలకపోతే అదీ వద్దు.

4. ఆగిన జీతం పడ్డాక దాని లెక్క అప్పుడు చూసుకోవచ్చు.