ఏఐ మంచిచెడ్డలు చదివితే తిండి పెడుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. ఏఐ నైతికత మీద పరిశోధన చేస్తూ, సైన్స్‌ను మామూలు జనానికి అర్థమయ్యేలా చెప్పే ఒకావిడ ఇంటర్వ్యూ చూసింది. అప్పట్నుంచి 'నేనూ అదే చేస్తా, సీఎస్ఈ వద్దు' అంటోంది. అసలు ఇదొక చదువేనా? రేపు ఉద్యోగం వస్తుందా?
– ఒక తల్లి, నల్లగొండ

జవాబు: చదువేనమ్మా. తిండి కూడా పెడుతుంది, కాకపోతే కాస్త ఆలస్యంగా వడ్డిస్తుంది. మీ అమ్మాయితో నాకు పేచీ ఒక్కచోటే, ఆ 'సీఎస్ఈ వద్దు' అన్న దగ్గర.

మన దగ్గర జరిగిందే చెబుతాను. తెలంగాణలో 'సమగ్ర వేదిక' అనే సాఫ్ట్‌వేర్ రకరకాల శాఖల రికార్డులు కలిపి ఎవరికి ఏమున్నాయో లెక్కగడుతుంది. హైదరాబాద్‌లో రిక్షా తొక్కుకునే ఒకాయన్ని అది, దాదాపు అదే పేరున్న ఇంకొకరి కారుకు ఓనరుగా చూపించింది. ఆ ఇంటి రేషన్ కార్డు పోయింది. రాష్ట్రంలో రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లో, పేర్లు ఎంత దగ్గరగా ఉంటే ఒకే మనిషి అనుకోవాలో ఎవరో ఒక హద్దు పెడతారు. అది వదులైతే ఊళ్లో వెంకటేశ్వర్లులందరూ ఒక్కరైపోతారు. బిగిస్తే దొంగ కార్డులు మిగిలిపోతాయి. 'ఈ హద్దు ఇక్కడే ఎందుకు పెట్టారు' అని అడగాలంటే కోడ్, స్టాటిస్టిక్స్ తెలియాలి. జరిగింది ఆ ఇంటివాళ్లకు విడమర్చి చెప్పడం ఇంకో విద్య. మీ అమ్మాయికి నచ్చిన పనిలో రెండూ ఉన్నాయి.

2018లో జాయ్ బులామ్వీనీ, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు పరిశోధకురాళ్లు, ముఖం చూసి ఆడా మగా చెప్పే సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. తెల్లటి చర్మమున్న మగవాళ్ల విషయంలో తప్పులు 0.8 శాతం మించలేదు, నల్లటి చర్మమున్న ఆడవాళ్ల విషయంలో 34.7 శాతం దాకా వెళ్లాయి. ఆ అంకెలు చూశాకే కంపెనీలు కదిలాయి. ఇద్దరిదీ కంప్యూటర్లు, ఇంజినీరింగ్ చదివిన నేపథ్యమే.

అందుకని ఐఐఐటీ హైదరాబాద్‌లో కంప్యూటింగ్ అండ్ హ్యూమన్ సైన్సెస్ డ్యూయల్ డిగ్రీ చూడండి. అయిదేళ్లలో బీటెక్, ఎంఎస్ రెండూ వస్తాయి. ప్రవేశం యూజీఈఈ అనే సొంత పరీక్షతో, ఆపైన ఇంటర్వ్యూ. ఫీజు తక్కువేం కాదు. అది రాకపోతే ఏ మంచి కాలేజీలోనైనా సీఎస్ఈ చేసి తర్వాత ఇటు రావచ్చు. ఐఐటీ మద్రాస్‌లో రెస్పాన్సిబుల్ ఏఐ, అంటే బాధ్యతగా పనిచేసే ఏఐ కోసం ప్రత్యేక కేంద్రమే ఉంది. లండన్ ఇంపీరియల్ కాలేజీలో సైన్స్ కమ్యూనికేషన్ ఎమ్మెస్సీ ఉంది కానీ అప్పు చేసి పంపమని నేను చెప్పను.

డబ్బు సంగతి దాచను. పీహెచ్‌డీలో జేఆర్ఎఫ్ అనే ఫెలోషిప్ వస్తే నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000. అప్పటికి ఆమెతో చదివినవాళ్లు కార్లు కొని ఉంటారు. అది మీ ఇద్దరికీ ఇప్పుడే తెలియడం మంచిది. బీటెక్ చేతిలో ఉంటే, మధ్యలో మనసు మారినా ఉద్యోగానికి దారి ఉంటుంది.

పరీక్షలయ్యాక ఒక పని చెప్పండి. ఏఐ పొరపాటు ఒకటి తీసుకుని, వాళ్ల నానమ్మకు అర్థమయ్యేలా తెలుగులో ఒక పేజీ రాయమనండి. నా దగ్గరికొచ్చిన ఒక కుర్రాడు ఆ ముఖాల సాఫ్ట్‌వేర్ గురించే రాసి, 'ఏఐ పక్షపాతం చూపిస్తుంది' అని చదివితే, వాళ్ల నానమ్మ 'అయితే లంచం ఏమైనా తీసుకుందా?' అందట. పాపం, నాలుగుసార్లు తిరగరాశాడు. అయిదోసారి పెద్దావిడ, 'మన రంగు మొహాలు దానికెవరూ చూపించలేదన్నమాట' అంది. మీ అమ్మాయికి ఆ తిరగరాయడం విసుగనిపించకపోతే, యూజీఈఈ ఫారం నింపించండి.