ఎపిక్యూరస్ నుంచి ఏం నేర్చుకోవచ్చు?

"సుఖమే జీవిత లక్ష్యం అన్న గ్రీకు తత్వవేత్త ఎపిక్యూరస్ దగ్గర నేర్చుకోవడానికి ఏముంది, తిని తాగి ఉండమనేగా?" అని ఒకరు అడిగారు. పేరు అలా పడిపోయింది కానీ, ఆయన బతుకు అందుకు పూర్తిగా వ్యతిరేకం.

క్రీ.పూ. 341లో సామోస్ దీవిలో పుట్టాడు. ఏథెన్స్‌లో ఒక తోట కొని అందులోనే పాఠాలు చెప్పాడు. ఆడవాళ్లను, బానిసలను కూడా చేర్చుకున్నాడు. ఆ కాలానికి అది చిన్న విషయం కాదు. మామూలు తిండి రొట్టె, నీళ్లు. చిన్న కుండెడు చీజ్ పంపితే ఎప్పుడైనా విందు చేసుకుంటానని ఒక మిత్రుడికి రాశాడట!

ఆయన లెక్కలో కోరికలు మూడు రకాలు. ఆకలి, దాహం తీరాల్సిందే, తేలిగ్గానే తీరతాయి. ఖరీదైన భోజనం దొరికితే సరే, లేకున్నా నష్టం లేదు. పేరు, అధికారం, అంతులేని డబ్బు మాత్రం ఎంత వచ్చినా చాలవు. టెన్షనంతా అక్కడే. అందుకే ప్రతి కోరికనూ "ఇది తీరితే నాకేమవుతుంది, తీరకపోతే ఏమవుతుంది?" అని ప్రశ్నించమన్నాడు.

మనం ఉన్నంతవరకు చావు లేదు, అది వచ్చాక మనం ఉండం అన్నదీ ఆయనే. ఈ వాదన నాకు సగమే నచ్చుతుంది. సొంత చావు భయం తగ్గొచ్చు గానీ, అయినవాళ్లు పోయిన బాధకు ఇది మందు కాదు.