దగ్గరి విలువ ఏదైనా సరిపోతుందని రాసిన యువ రచయితకు

కడప

నాయనా,

విద్యుత్తుతో స్వరాలు పుట్టించే వాద్యమైన సింథసైజర్‌ను ఇంట్లోనే కట్టుకోవడం గురించి నీవు పంపిన వ్యాసం చదివాను. భాష శుభ్రంగా ఉంది. ఏ పత్రికకు పంపాలి, కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. వాటికంటే ముందు తేల్చవలసినది “100కె రెసిస్టర్ దొరక్కపోతే దానికి దగ్గరగా ఉన్నది ఏదైనా వేసుకోవచ్చు” అన్న నీ వాక్యం. అది చదివి నాకు కోపం వచ్చింది.

ఆ 100కె, అంటే లక్ష ఓమ్‌ల, రెసిస్టర్ సర్క్యూట్లో ఎక్కడ ఉంది, అక్కడ ఏం పని చేస్తోంది అన్నది చెప్పకుండా దానికి బదులు చెప్పే హక్కు రచయితకు లేదు. ఎల్ఈడీ ముందున్న 470 ఓమ్‌ల చోట 1కె వేస్తే వెలుగు కొంత తగ్గుతుంది, అంతే. టీఎల్072 అనే ఆంప్లిఫయర్ చిప్‌తో కట్టిన మిక్సర్‌లో ఇన్‌పుట్‌కూ ఫీడ్‌బ్యాక్‌కూ ఉన్న 100కెలు రెండూ తీసి 82కెలు పెట్టినా శబ్దం తగ్గదు, పెరగదు. అక్కడ లెక్కకు వచ్చేది వాటి నిష్పత్తి. అదే 82కెను, కీబోర్డు నుంచి స్థాయికి (షడ్జం నుంచి పై షడ్జం దాకా) ఒక వోల్టు చొప్పున వచ్చే వోల్టేజీని స్వరం పుట్టించే ఆసిలేటర్‌కు అందించే 100కె స్థానంలో ఒక్కదాన్నే పెడితే, పై షడ్జం మీట నొక్కినవాడికి చతుశ్రుతి రిషభాన్ని దాటి సాధారణ గాంధారానికి చేరువైన స్వరం వినిపిస్తుంది. అంత తేడాను సర్దే వెసులుబాటు అన్ని ట్రిమ్మర్లకూ (తిప్పి విలువ సర్దుకునే చిన్న రెసిస్టర్లకు) ఉండదు. 33కెనూ 68కెనూ సిరీస్‌లో కలిపితే 101కె వస్తుందని, విలువ ఐదు శాతం అటూఇటూ ఉండే రకమైతే కలిపే ముందు మల్టీమీటరుతో కొలిచి ఏరుకోవాలని ఒక్క ముక్క రాసి ఉంటే నీ వ్యాసం చూసి కట్టే కుర్రవాడు గట్టెక్కేవాడు.

నేను రాయడం మొదలుపెట్టిన రోజుల్లో ఏడు రోడ్ల దగ్గరి రేడియో రిపేరు అంగట్లో పాత బోర్డుల నుంచి రెసిస్టర్లు ఊడదీసి, వాటి కాళ్లు గీకి, ఒక్కొక్కటీ కొలిచి వాడుకునేవాళ్లం. అందుకే ప్రతి సర్క్యూట్ కిందా ఏది మార్చవచ్చు, ఏది మార్చరాదు అన్న పట్టిక ఇచ్చేవాణ్ణి. ఒక సంపాదకుడు చోటు చాలదంటూ ఆ పట్టికను తీసేసి, అక్కడ పెద్ద ఫోటో వేశాడు. తరువాత పాఠకులు ఉత్తరాల్లో అడిగినవన్నీ ఆ పట్టికలో ఉన్నవే. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు. ఈనాటి రచయితలు విడిభాగాల జాబితా ఒకటి పడేసి చేతులు దులుపుకోవడం చూస్తే అది మళ్లీ రేగుతుంది.

వేడి డిగ్రీ పెరిగితే విలువ 0.33 శాతం పెరిగే 3300 పీపీఎం టెంప్కో రెసిస్టర్ బదులు మామూలు 1కె చాలునని కూడా రాశావు. కీబోర్డు వోల్టేజీని స్వరపు ఎత్తుగా మార్చే ఎక్స్‌పొనెన్షియల్ కన్వర్టర్‌లోని ట్రాన్సిస్టర్ల జతకు స్థాయికి సుమారు 18 మిల్లీవోల్టులు కావాలి. వేడి ఒక డిగ్రీ పెరిగితే ఆ అవసరం 0.33 శాతం పెరుగుతుంది, దానిని భర్తీ చేయడానికే టెంప్కో అక్కడ ఉన్నది. అది లేకపోతే, మే నెల తెల్లవారుజామున 28 డిగ్రీల దగ్గర శ్రుతి చేసిన యంత్రం మధ్యాహ్నం 40 డిగ్రీలకు, ఆధార షడ్జానికి రెండు స్థాయుల పైన, దాదాపు ఒక స్వరస్థానం దిగి పలుకుతుంది. మన ఎండల్లో ఇది చిన్న విషయం కాదు. టెంప్కో తెప్పించుకునేదాకా మామూలు రెసిస్టర్‌తో నెట్టుకొచ్చేవారు యంత్రాన్ని కాసేపు వేడెక్కనిచ్చి, వాయించే గదిలోనే, వాయించబోయే ముందే ట్రిమ్మర్ సరిచేసుకోవాలని ఆ పేరాలో చేర్చి, వ్యాసం మళ్లీ పంపు.