టెక్ సందేహాలు: కరెక్టుగా రాసినా తప్పంటోంది!

"పిల్లలు తెలుగు మాట కరెక్టుగానే టైప్ చేస్తున్నారు, యాప్ ఏమో తప్పంటోంది." ఈ నెలలో ఇదే కంప్లైంట్ నాలుగోసారి వచ్చింది, ఇక రాయక తప్పదు. తాజాగా రాసింది మన బెంగళూరులోనే, మారతహళ్లి వైపు ఓ స్కూల్లో ఆరో తరగతికి తెలుగు చెప్పే టీచరుగారు. ఇంట్లో తెలుగు, గేటు దాటితే కన్నడం, క్లాసులో ఇంగ్లీషు, ఇలా ఉంటే మాటలు బుర్రలో నిలవట్లేదని ఆవిడ ఫ్లాష్‌కార్డులూ క్విజ్‌లూ మొదలుపెట్టారట. ‘పైరు’ అని శుభ్రంగా రాసిన పిల్లాడికి యాప్ ఎర్ర ఇంటూ కొట్టిందట, వాడు ఏడుపు మొహం పెట్టాడట, ఇంకేదైనా మంచి యాప్ చెప్పమన్నారు. మెయిల్ చివర్లో ఇంకో లైను కూడా ఉంది: "నా సొంత జీమెయిల్‌తోనే క్లాసు స్మార్ట్ ప్యానెల్‌లో (గోడకి ఉండే పెద్ద టచ్ స్క్రీన్) లాగిన్ అయ్యాను, పిల్లలకి పేరెంట్స్ ఫోన్ నంబర్లతో అకౌంట్లు చేశాను, ఓకే కదా?"

ఓకే కాదు మేడమ్. దాని దగ్గరికి వస్తాను, ముందు పైరు సంగతి.

మన కంటికి ‘పై’ ఒకటే. కంప్యూటర్‌కి రెండు. అక్షరాలకి కంప్యూటర్ వాడే నంబర్ల పట్టిక యూనికోడ్, అందులో ఐత్వం మొత్తానికి కలిపి ఒక కోడ్ ఉంది, అదే ఐత్వాన్ని ఎత్వం ఒక ముక్క, కింద వచ్చే గుర్తు ఒక ముక్క అని రెండు కోడ్‌లుగా కూడా రాయొచ్చు. కీబోర్డులో కొట్టిన మాట ఒకలా ఉంటుంది, ఏ పీడీఎఫ్ నుంచో కాపీ చేసి పెట్టిన జవాబు ఇంకోలా ఉండొచ్చు. రెండూ సమానమేనని యూనికోడ్ వాళ్లు ఎప్పుడో చెప్పిపెట్టారు, పోల్చేముందు నార్మలైజ్, అంటే రెండింటినీ ఒకే రూపంలోకి మార్చి, చేసుకోండయ్యా అని పద్ధతి కూడా ఇచ్చారు, కోడ్‌లో ఒక్క లైను పని, ఆ ఒక్క లైను రాయడానికి కొంతమందికి చేతులు రావు. ‘బస్’ లాంటి మాటల చివర కొన్ని కీబోర్డులు కనపడని అక్షరం ఒకటి అతికిస్తాయి, అదింకో తలనొప్పి. పిల్లలేమో సున్న కోసం వెతుక్కుని తెలుగు అంకెల్లో ఉన్న సున్నా కొట్టేస్తారు, చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది మరి!

మన అక్షరాలతో టెస్ట్ చేయకుండా వదిలేయడం కొత్తేం కాదు లెండి. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అన్న అక్షరం ఒక రకంగా టైప్ అయి మెసేజ్‌లో వస్తే చాలు, బోలెడు ఖరీదు పెట్టి కొన్న ఫోన్లలో యాప్‌లు టపటపా కూలిపోయాయి, అప్పుడు గానీ అర్జెంటుగా అప్‌డేట్ రాలేదు.

కాబట్టి యాప్ మార్చినా ఇదే గోల. టైప్ చేసే ప్రశ్నలు ఆపేయండి. మాట పిల్లలు నోట్‌బుక్‌లో చేత్తో రాయాలి, ప్యానెల్ మీద జవాబు మీరు చూపించాలి, పక్కవాడు దిద్దాలి. యాప్ చూపించిన బొమ్మ కూడా నమ్మకండి. నేను ఓ క్విజ్ యాప్‌లో ‘ఊట’ అని కొట్టి బొమ్మ తెమ్మంటే చెట్టు నిండా పూలున్న ఫొటో తెచ్చింది! కాసేపు అర్థం కాలేదు, తర్వాత వెలిగింది, అది ఊటని లోపల ఇంగ్లీషులో స్ప్రింగ్ చేసుకుంది, స్ప్రింగ్ అంటే వసంతం కదా, అందుకని పూలు. పక్కింటి పాపని అడిగితే ఊట అంటే భోజనం అంకుల్ అంది, కన్నడంలో అంతే మరి, దాని తప్పేం లేదు. ఇలాంటి మాటలు ఏరి కార్డులు చేసుకోండి, మన ఊళ్లో తెలుగు పిల్లలకి అసలు అవసరం అక్కడే.

ఇప్పుడు ఆ చివరి లైను. నాకు నిద్ర పట్టనిది దాంతోనే. మీ సొంత అకౌంట్ ప్యానెల్‌లో ఉందంటే, మీరు స్టాఫ్ రూంకి వెళ్లిన పది నిమిషాల్లో మీ మెయిల్, మీ ఫొటోలు, సింక్ ఆన్‌లో ఉంటే సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లు, అన్నీ నలభై మంది పదకొండేళ్ల పిల్లల ముందు డెబ్భై అయిదు ఇంచుల మీద ఉన్నట్టే. తర్వాతి పీరియడ్ ఇంకో టీచరు, సాయంత్రం ఎవరో. ఫోన్ తెరని ప్యానెల్ మీద మిర్రర్ చేసేవాళ్లది ఇంకో ఘనకార్యం, పాఠం మధ్యలో బ్యాంక్ ఓటీపీ పైనుంచి దిగుతుంది, పిల్లలంతా కోరస్‌గా చదువుతారు, నేను కళ్లారా చూశాను. ఇవాళే ఫోన్‌లో గూగుల్ అకౌంట్ తెరిచి, సెక్యూరిటీలో డివైజ్‌ల లిస్టు చూసి, ప్యానెల్‌ని సైన్ అవుట్ చేయండి, పాస్‌వర్డ్ మార్చండి. క్లాసుకి వేరే అకౌంట్ పెట్టుకోండి, అందులో మీ నంబరు తప్ప ఇంకేం ఉండకూడదు.

పిల్లలకి అకౌంట్లే వద్దు. కోడ్ కొట్టి, జామకాయ, ఉడత అని ముద్దుపేరు పెట్టుకుని ఆడే క్విజ్‌లు చాలానే ఉన్నాయి. 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా చట్టం లెక్కన 18 నిండనివాళ్లంతా పిల్లలే, వాళ్ల డేటా ముట్టుకోవాలంటే తల్లిదండ్రుల ఒప్పుకోలు ఉండాలి, అది నిజంగా వాళ్లదేనని తేలాలి కూడా, పిల్లల విషయంలో కంపెనీలు తప్పితే జరిమానా 200 కోట్ల దాకా వెళ్తుంది. మీరేమో నలభై నంబర్లు ఒక్క మధ్యాహ్నంలో ఎక్కించేశారు. ఆ అకౌంట్లు మీరే డిలీట్ చేసి, పేరెంట్స్ గ్రూపులో ఆ మాట చెప్పండి.

అసలు ఈ ప్యానెల్స్ గురించే ఒక మాట అనాలి. కొన్నరోజు కొబ్బరికాయ కొట్టారు, ఫొటోలు దిగారు, అప్‌డేట్ ఎవరు ఇస్తారు, ఎన్నేళ్లు ఇస్తారు అని ఒక్కరు అడిగుంటే ఒట్టు. ఇప్పటికీ ఆండ్రాయిడ్ 8 మీద నడిచేవి చూశాను, అది 2017 నాటి సరుకు. దాన్నే స్కూలు వైఫైకి తగిలించి, అదే వైఫై మీద ఫీజుల కంప్యూటర్ కూడా. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ ప్యాచ్ తేదీ చూసి ప్రిన్సిపాల్‌కి ఫొటో పంపండి మేడమ్, మాటల్లో చెప్తే ఎవరూ వినరు.

ఇంకొకాయన, కేఆర్ పురం నుంచి: "మా పాప రోజూ తెలుగు మాటల యాప్ చేస్తుంది, ఒక్కరోజు మానేస్తే స్ట్రీక్ పోయిందని ఏడుస్తోంది."

నోటిఫికేషన్లు ఆపేయండి సార్. స్ట్రీక్ అంటే మానకుండా వరసగా ఎన్ని రోజులు చేశారన్న లెక్క, అది ఉన్నది పాపని రేపు మళ్లీ రప్పించడానికి, మాటలు గుర్తుండడానికి కాదు. గుర్తుండాలంటే తెలిసిన మాట ఆలస్యంగా, తెలియనిది తొందరగా ఎదురుపడాలి, అంకీ అనే ఫ్లాష్‌కార్డుల యాప్ చేసేది అదే, ఆండ్రాయిడ్‌లో ఫ్రీ. అది కూడా వద్దనుకుంటే నాలుగు బిస్కెట్ డబ్బాలు తీసుకోండి. అట్టముక్కల మీద మాటలు రాసి మొదటి డబ్బాలో వేయండి, చెప్తే తర్వాతి డబ్బాలోకి, తప్పితే మళ్లీ మొదటికి. మొదటి డబ్బా రోజూ, చివరిది నెలకోసారి. 1970ల్లో లైట్నర్ అనే జర్మన్ రచయిత ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది, లాగిన్ అడగదు.

టీచరుగారూ, ఊట కార్డుకి ఫొటో మాత్రం మీరే ఎక్కడైనా తీసుకోండి. మా లేఅవుట్‌లో తీద్దామంటే బోరులో ఊట తగ్గిపోయి మూడు వారాలుగా ట్యాంకరే, ఆ ఫొటో అయితే ఇప్పుడే పంపిస్తాను.